తాడు దాటి వచ్చిన బావ

మొన్న మంగళవారం పొద్దున్నే మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, నాన్న ఎల్లిపోయాడు. టీ కావాలన్నాడు. నాను గ్లాసు పట్టుకొచ్చీసరికి..." అని ఆగిపోయింది. విశాఖ నుంచి బస్సెక్కి నెల్లిమర్ల చేరేసరికి జనపనార మిల్లులో బావతో పనిచేసిన ముసలివాళ్లు పదిమంది ఇంటి ముందు కూర్చుని ఉన్నారు. మంచి ఫిట్టర్ అన్నారు. చేయి వేస్తే మెషీన్ మాట వినేదన్నారు. ఆయన ఒకప్పుడు హెలికాప్టర్లకు మెకానిక్ అని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆయన చెప్పుకోలేదు. అందుకే నేను చెబుతున్నాను.

ఆయన మా అక్క భర్త. కోటబొమ్మాళి దగ్గర వరి పండించే కుటుంబం. ఎయిర్‌ఫోర్స్‌లో కొన్నేళ్లు ఇంజన్లు విప్పి బిగించి, తండ్రి మంచాన పడితే ఊరికొచ్చేశాడు. ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. మంచినీళ్ల గ్లాసు ఇస్తే ముందు వెలుతురుకెత్తి చూసి తర్వాత తాగేవాడు. ఎవరింటికి వెళ్లినా వాళ్ల సైకిల్ నట్లు బిగించకుండా వచ్చేవాడు కాదు. "ఇంజను అబద్ధం ఆడదురా. మనమే ఇనం" అనేవాడు.

అరవైల చివర్లో మా సముద్రంలో చమురు ఉందేమో చూడడానికి ఒక ఓడ వచ్చింది. ఒడ్డునుంచి ఆ ఓడకు మనుషుల్నీ సామాన్నీ చేరవేయడానికి హెలికాప్టర్ కావాలి. ఆ పని దక్కించుకోవాలని రెండు కంపెనీలు వచ్చాయి, బొంబాయి నుంచి ఒకటి, కలకత్తా నుంచి ఒకటి. యుద్ధం రోజుల్లో వేసి వదిలేసిన పాత రన్‌వే మీద ఇద్దరూ గుడారాలు వేశారు. మధ్యలో ఒక కొబ్బరితాడు కట్టారు. ఇటు వాళ్లు అటు వెళ్లకూడదు. వారంరోజులు ఇద్దరూ ఓడకు తిరగాలి, ఎవరు వేళ తప్పకుండా తిరిగితే వాళ్లదే కాంట్రాక్టు.

బావ బొంబాయి కంపెనీలో మెకానిక్‌గా చేరాడు. డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్న నేను, ఇంగ్లీషు వచ్చు కాబట్టి, కలకత్తా కంపెనీలో స్టోర్ గుమాస్తాగా చేరాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్కకు అప్పుడు ఎనిమిదో నెల. "ఒక కుండ అన్నం, రెండు కంపినీలు! కంచాల దగ్గర కంపినీ మాటెత్తితే ఇద్దరికీ గంజే" అనేది. మేమూ ఎత్తేవాళ్లం కాదు. బావ కంపెనీకి కాంట్రాక్టు వస్తే ఆయన ఉద్యోగం ఖాయం చేస్తామనీ, తండ్రితో సహా అందరూ ఉండేలా బొంబాయిలో క్వార్టర్స్ ఇస్తామనీ మేనేజర్ మాటిచ్చాడని మాత్రం నాకు తెలుసు. ఆ బొంబాయి ఇంటి కిటికీలకు కర్టెన్లు కూడా కుట్టి పెట్టుకుంది అక్క.

నాలుగోరోజుకు మా మెకానిక్‌కి జ్వరం ముదిరి విజయనగరం ఆసుపత్రిలో చేర్చారు. పెట్రోలు పోసే పని నామీద పడింది. ముందురోజు సాయంత్రం మామిడి పిందెలు రాల్చే వాన ఒకటి దంచి కొట్టింది. నేను డ్రమ్ములను నిలబెట్టి ఉంచాను, పడుకోబెట్టాలని నాకు తెలియదు. పైమూత చుట్టూ నిలిచిన వాననీరు మూత మరచుట్లలోంచి లోపలికి దిగుతుందనీ తెలియదు. గరాటులో వేసే మెత్తని తోలు నీటిచుక్కను కూడా ఆపుతుంది. ఆ పొద్దున చూస్తే అది చిరిగి ఉంది. వేళ మించిపోతోంది. భుజం మీది పొందూరు ఖద్దరు కండువా తీసి నాలుగు మడతలు వేసి వడగట్టాను. అంత సన్నని నేత కదా, చాలుననుకున్నాను.

మా పైలట్ పెద్దవయసు బెంగాలీ. అందరం దాదా అనేవాళ్లం. దాదా ఎక్కాడు, ఓడకు వెళ్లాల్సిన ఇద్దరు ఇంజనీర్లు ఎక్కారు. రెక్కలు తిరగడం మొదలైంది. చమురు ఆఫీసర్లు షామియానా కింద కుర్చీల్లో కూర్చుని గడియారాలు చూసుకుంటున్నారు.

అప్పుడు తాడు అవతల బావ చేతిలోని పానా కింద పడేయడం చూశాను. ఆయన మా డ్రమ్ముల వంక చూస్తున్నాడు. తర్వాత గరాటు మీద ఆరుతున్న నా కండువా వంక చూశాడు. ఒక్క ఉదుటున తాడు కిందనుంచి దూరి, వంగి పరుగెత్తి, మా హెలికాప్టర్ ముందుకొచ్చి రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ నిలబడ్డాడు. వెనకనుంచి వాళ్ల మేనేజర్ వెనక్కి రమ్మని ఇంగ్లీషులో అరుస్తున్నాడు. ఆ రొదలో వినబడిందో లేదో, బావ మాత్రం కదల్లేదు. దాదా ఒక నిమిషం ఆయన్నే చూసి ఇంజను ఆపేశాడు.

బావ నేరుగా ట్యాంకు దగ్గరకు వెళ్లాడు. ఒక గాజుసీసా తెచ్చి ట్యాంకు అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పాడు. సీసాను ఎండకెత్తి పట్టాడు. పైన నీలంరంగు పెట్రోలు, కింద రెండు వేళ్ల మందాన తేట నీళ్లు.

ఇంజనీర్లలో చిన్నవాడు కిందికి దిగి సీసాను చేతిలోకి తీసుకుని చూశాడు. ఆ నీళ్లు ఇంజనుకు అందేసరికి వాళ్లు సముద్రం మీద ఉండేవారు.

"ఇదేటిరా?" అన్నాడు బావ నా దగ్గరకొచ్చి, మెల్లగా.

"వడగట్టాను బావా."

"ఖద్దరు దుమ్ముని ఆపుతాది. నీటిని ఆపదు."

దాదాకి హిందీలో డ్రమ్ములు వానలో తడిశాయని మాత్రం చెప్పాడు. ఎవరు పోశారో చెప్పలేదు. ట్యాంకంతా దింపి మళ్లీ నింపేసరికి రెండు గంటలు పట్టింది. ఆ నింపడం కూడా ఆయనే దగ్గరుండి చేయించాడు, వాళ్ల కంపెనీ తోలు తెచ్చి మరీ. తాడు దాటి వెనక్కి వెళ్లేసరికి ఆయన పనిముట్ల పెట్టె గుడారం బయట పడి ఉంది. అవతలి వాళ్లకు పనిచేసే మనిషి మాకక్కర్లేదన్నాడు మేనేజర్. బావ పెట్టె మూత తీసి పానాలన్నీ ఉన్నాయో లేవో చూసుకున్నాడు. సైకిల్ వెనక కట్టుకుని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"ఏటి, అప్పుడే వచ్చీసేవు?"

"ఉద్యోగం పోయింది."

అక్క నావంక చూసింది. నేను తల దించుకుని జరిగిందంతా చెప్పాను. నా కండువా సంగతి కూడా.

"మరి ఎగరాల్సినోల్లు?" అంది.

"దిగిపోనారు. బాగున్నారు" అన్నాడు బావ.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే సేతులు కడుక్కుని రండి, అన్నం పెడతాను" అంది. ఆరోజు కంచాల దగ్గర మొదటిసారి కంపెనీ మాట వచ్చింది. ఎవరికీ గంజి పెట్టలేదు.

అన్నం తిన్నాక బావ నాతో, "నీ పేరు నాను సెప్పను. ఎల్లి నువ్వే సెప్పుకో. బేగి ఎల్లు, పొద్దుగూకితే దైర్యం సల్లారిపోతాది" అన్నాడు. వెళ్లి దాదా ముందు నిలబడి చెప్పాను. దాదా తిట్టలేదు. తలపంకించి మళ్లీ పనిలో పడ్డాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

కాంట్రాక్టు బొంబాయి కంపెనీకే వచ్చింది. మేం రెండు గంటలు ఆలస్యమైన ఆ ఒక్కరోజే తేడా అన్నారు. అంటే బావ ఆపడంవల్లే వాళ్లు గెలిచారు, ఆ ఆపినందుకే ఆయన్ని తీసేశారు.

గుడారాలు విప్పేరోజున దాదా మా ఇంటికి వచ్చాడు. కలకత్తా వస్తే మంచి ఉద్యోగం ఇప్పిస్తానని బావను అడిగాడు. మంచంపట్టిన తండ్రి, నెలలు నిండిన భార్య. బావ అటూ ఇటూ చూశాడు. ఉండడానికి ఇల్లు లేని చోటికి వాళ్లను తీసుకెళ్లలేడు, వదిలి కదలడానికీ లేదు. నా భుజం మీద చెయ్యేసి హిందీలో ఏదో అన్నాడు. దాదా నవ్వి నావైపు చూసి సరేనన్నాడు. ఏమన్నావని తర్వాత అడిగాను.

"తప్పు సేసి, ఎల్లి సెప్పుకున్నోడు ఈడు. ఇంకెక్కడ దొరుకుతాడు, పట్టుకుపోండి అన్నాను."

అలా నేను వెళ్లిపోయాను. హెలికాప్టర్లకు ఇంధనం చూసే పనిలోనే నా జీవితమంతా గడిచింది. చమురు బావులున్న తీరాలన్నీ తిరిగాను. కాంట్రాక్టుల కోసం కంపెనీలు ఒకదాన్నొకటి తొక్కుకోవడం చాలాసార్లు చూశాను. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజు గాజుసీసా చేతికిచ్చి ఎండకెత్తి చూడమనేవాణ్ణి. బావ నెల్లిమర్ల జనపనార మిల్లులో చేరాడు. నెలకో కార్డు రాసేవాడు. పాప నడుస్తోంది, అక్కకు దగ్గు తగ్గింది, ఇలాంటివి నాలుగు ముక్కలు. చివర ఎప్పుడూ ఒకటే: "డ్రమ్ములు పడుకోబెట్టావా?"

అక్క పోయాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "బాధపడ్డావా బావా, ఎప్పుడైనా?"

"దేనికి? గాల్లోకి లెగిసినోడికి కంపినీ ఉండదురా. కిందన పెల్లాం పిల్లలుంటారు." మళ్లీ తనే, "ఒకటి సెప్తాను, నవ్వకు. మిల్లులో సేరిన కొత్తల్లో ఎలికాప్టరు సప్పుడు ఇనబడితే మెసీను ఆపీసి బయటికి పరిగెట్టీవోన్ని. పోర్మేను తిట్టీవోడు. మల్లీ సప్పుడైతే మల్లీ పరిగెట్టీవోన్ని" అన్నాడు. నేను నవ్వలేదు.

రెండు నెలల కిందట నేను వెళ్లేసరికి బావకు వినికిడి పూర్తిగా పోయి ఉంది. పెరట్లో నవారు మంచం మీద కూర్చోబెట్టారు. నేను చెప్పేది ఏదీ వినబడడం లేదు. చేయి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఇంతలో తూర్పునుంచి ఒక హెలికాప్టర్ బాగా కిందుగా వచ్చింది. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి, మంచం అదిరింది. బావ నా చేయి విడిపించుకున్నాడు. అరచేతిని మంచంపట్టె మీద గట్టిగా ఆనించాడు. ముఖం వెలిగింది.

"ఎటెల్తన్నాదిరా?"

నేను సముద్రం వైపు చూపించాను. ఆయన అటు చూడలేదు. కళ్లు మూసుకుని అరచేత్తోనే వింటున్నాడు. అది చెట్లు దాటి, సందడంతా సద్దుమణిగి, వంటింట్లో గిన్నెల గలగల ఆగిపోయాక కూడా ఆ చేయి అక్కడే ఉంది.