ఆగని ఓడ

ఆత్మకూరు నుంచి రోజూ ఉదయగిరి బస్సెక్కి బడికి వెళ్లే సోషల్ టీచర్ కరుణశ్రీ సంచీలో, క్యారియర్ పక్కన, ఒక మడత అట్ట ఉంటుంది. కంపెనీ దొరల కాలపు వ్యాపారం మీద ఆమె తయారుచేస్తున్న ఆట అది. పాత క్యాలెండర్ వెనక గీసిన సముద్రం మీద సీసా మూత కంపెనీ ఓడ. రేవుల్లో చింతగింజలు నేతగాళ్లు. రెండేళ్లుగా బస్సులో కూడా నియమాలు దిద్దుతూనే ఉంది. చిక్కు వస్తే పెన్సిల్‌తో నుదురు గోక్కుంటుంది. మొదటి నియమాన్ని మాత్రం ముట్టుకోలేదు: 'కంపెనీ ఓడ ఆగదు.' అందుకే స్టాఫ్‌రూములో అందరికీ కంపెనీ పక్షమే కావాలి, నేతగాళ్ల వైపు ఆడేవాళ్లు దొరకరు. "చరిత్రలో గెలవనోళ్లని నేనెట్టా గెలిపించేది?" అని ఆమె మొండికేస్తుంది.

మొన్న బడిలో అన్నం వండే శీనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నేతగాళ్ల వైపు కూర్చుంది. చిన్నప్పుడు మేకలు కాస్తూ బండల మీద, మేకల గింజలతో పులిని కట్టేసే పులిజూదం ఆడిన మనిషి. చింతగింజలను ఒక్కొక్కటే జరిపి ఓడ చుట్టూ పేర్చేసింది.

"అట్టా కుదరదు శీనమ్మా, ఓడ ఆగకూడదు," అంది టీచర్.

"ఎట్టా పోతాది టీచరమ్మా? మేకలన్నీ కలిసి కూర్చుంటే పులికే దారుండదు. దొరలొచ్చినప్పుడు మనోళ్లు కలిసి కూర్చోలేదా ఏంది?"

కరుణశ్రీ మూతను అటూ ఇటూ జరిపి చూసింది. దారి లేదు. చాలాసేపు నుదురు గోక్కుంది. తర్వాత మొదటి నియమం పక్కన చిన్న అక్షరాలతో చేర్చింది: 'అందరూ కలిసి కూర్చుంటే తప్ప.'