వేలికి తగలని పువ్వు

2007లో పెళ్లయి అమెరికాలోని ప్లెయిన్స్‌బరో వచ్చేనాటికి నేను మూడేళ్లు ప్రాక్టీసు చేసిన పళ్ల డాక్టర్ని. ఇక్కడ మళ్లీ చదివి లైసెన్సు తెచ్చుకుంటే గాని ఒకరి పన్ను ముట్టుకోవడానికి లేదు. డిపెండెంట్ వీసా మీద వేరే ఉద్యోగమూ కుదరదు. చేతులు ఊరుకోక, కూరకు వంకాయలు కూడా అవసరానికి మించి సన్నగా తరిగేదాన్ని.

మా తెలుగు ఆరాధన ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి భవనంలో జరిగేది. రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం తొందరగా వెళ్లాను. ప్రభుభోజనపు బల్ల దగ్గర ఒక అమెరికన్ పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, అంచున లేచిపోయిన పలుచటి చెక్క రేకును అతికిస్తున్నారు. ఆయన చేతిలో ఉన్నది పుచ్చుపన్ను వెతికే కొక్కెం పుల్ల. చూసి నవ్వొచ్చింది.

"అది మా వాళ్ల పనిముట్టు," అన్నాను.

"మీ వాళ్లంటే?"

"డెంటిస్టులు."

ఆయన దాన్ని నా చేతికిచ్చి పక్కకు జరిగారు. "అయితే రేకు కింద పాత జిగురు మిగిలిందేమో చూడండి, డాక్టర్. నా చెయ్యి ఈ మధ్య మాట వినడం లేదు."

ఈ దేశంలో నన్ను డాక్టర్ అని పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజు పాస్టరుగారు చెప్పిన వాక్యం ఏమిటో నాకు గుర్తు లేదు.

వాళ్లింటి వెనక వర్క్‌షాప్‌కు వచ్చి పని నేర్చుకోమన్నారు. మావారిని అడిగితే, "పేమెంట్ ఏం లేదు కదా? జస్ట్ నేర్చుకోవడమే కదా? వెళ్లు. ఇంట్లో ఉంటే నన్ను కూడా తరిగేసేలా ఉన్నావ్," అన్నారు.

వర్క్‌షాప్‌లో కిటికీ కింద దుప్పటి కప్పిన బల్ల ఒకటి ఉండేది. రెండు వందల ఏళ్లు దాటిన ఫ్రెంచి రాతబల్ల. సన్నటి వంపు కాళ్లు. పైన రంగురంగుల చెక్క రేకులు కోసి, ఒకదాని పక్కన ఒకటి పొదిగి చేసిన పూలబుట్ట. ఆయన కుర్రతనంలో పారిస్‌లో ఈ పని నేర్చుకున్నారు. పెళ్లయిన కొత్తలో భార్య కోసమని, విరిగిపోయి ఉన్న ఈ బల్లను కొన్నారు. ఎప్పుడూ ఎవరో ఒకరి బల్ల ముందుకు వచ్చేది, ఇది వెనక్కు పోయేది. అలా నలభై ఏళ్లు. ఇంకా ఒక తులిప్ పువ్వూ రెండాకులూ మిగిలే ఉన్నాయి. ఈలోగా ఆయనకు చేతి వణుకు వచ్చింది. ఆవిడకు చూపు పోయింది.

"మరీ ఆలస్యం చేశాను," అన్నారొకసారి, నా వైపు చూడకుండా.

ఆ పువ్వు నేను కోస్తానన్నాను.

వెంట్రుకంత రంపంతో కోయడం నేర్చుకోవడానికే మూడు నెలలు పట్టింది. రేకకు నీడ రావాలంటే, మన తోపుడుబండ్ల మీద వేరుసెనగలు వేయించినట్టు, మూకుట్లో కాగిన ఇసుకలో దాని అంచును గుచ్చి తీయాలి. ఒక్క క్షణం ఎక్కువైతే బొగ్గే. ఎన్నో రేకలు బొగ్గయ్యాయి. ఆయన ఒక్కదానికీ విసుక్కోలేదు. వణికే చేతులు వెనక్కు కట్టుకుని నా భుజం పక్కనే నిలబడి, "ఇప్పుడు... ఇప్పుడు తియ్యి," అనేవారు.

చివరి రేకు అతికించి, చదును చేసి, మెరుగు పెట్టిన రోజు ఆయన భార్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ బల్లంతా మెల్లగా తడిమారు. ఒక మూల నుంచి ఇంకో మూలకు, మళ్లీ వెనక్కి.

"కొత్త ముక్క ఎక్కడుంది?"

"నువ్వే చెప్పు," అన్నారాయన గర్వంగా.

"నాకు ఏమీ తగలడం లేదు. అంతా గాజులా ఉంది."

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఈ పనిలో అతుకు వేలికి తగలకపోవడమే గొప్ప. కానీ ఆవిడకు మిగిలింది వేళ్లే. మేం అంత జాగ్రత్తగా పొదిగిన పూలబుట్ట ఆవిడకు ఖాళీ పలక.

ఆవిడ చూపుడు వేలు పట్టుకుని పువ్వు అంచు వెంట నడిపించాను. "ఇది కాడ. ఇక్కడ రేకు విచ్చుకుంది. ఇది బయటికి వంగిన రేకు."

"ఏం రంగు?"

"పాత పూలన్నీ ఎండకు వెలిసి తేనెరంగుకు వచ్చాయి. ఇదీ వాటిలో కలిసిపోయే రంగే. అడుగున మాత్రం ఇంకొంచెం ఎర్రగా ఉంటుంది."

రెండోసారి ఆవిడే, నా సాయం లేకుండా, గుర్తుతో ఆ దారిన వేలు నడిపారు. కొంచెం పక్కకు పోయింది. నేను సరిదిద్దలేదు. ఆయన వచ్చి ఆవిడ చేతి మీద చెయ్యి వేశారు. ఆ వణుకుతో ఇద్దరి చేతులూ పువ్వు మీద కదిలాయి.

తర్వాత ఆవిడ కాగితం అడిగారు. స్కేలు అడ్డంగా పెట్టుకుని, దాని అంచున చెల్లెలికి ఉత్తరం మొదలుపెట్టారు. మేమిద్దరం బయటికి వచ్చేశాం.

మరుసటి ఏడాది నాకు డెంటల్ కాలేజీలో సీటు వచ్చింది. చదువయ్యాక కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌కు మారాం, అక్కడే ప్రాక్టీసు పెట్టాను. ఆవిడ పోయారని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. వర్క్‌షాప్ మూసేశారట. మరి బల్ల ఏం చేశారని అడిగాను.

"వంటింట్లోకి తెచ్చుకున్నాను, డాక్టర్. దాని మీదే టిఫిన్ తింటున్నాను. మోకాళ్లు కింద చెక్కకు కొట్టుకుంటున్నాయి. తను చూస్తే తిట్టేది."

నవ్వారు. నేనూ నవ్వాను.