మూడు ఆల్బమ్‌ల చుట్టరికం

కాలేజీలో ఉండగా నేను ప్రాణంగా విన్న అమెరికా గ్రంజ్ రాక్ బ్యాండ్ గాయకుడు చనిపోయాడు. పేపర్లో ఓ మూల నాలుగు లైన్లు వేశారు. ఇంట్లో ఏడిస్తే, ‘మగపిల్లాడివి, వాడెవడో పోతే ఏడుపేంటి?’ అని నాన్న కసిరారు. మర్నాడు బహదూర్‌పురాలో బస్సెక్కాక మళ్లీ కళ్లు తడిశాయి. పక్క సీట్లో ఒళ్లో పిండి డబ్బా పెట్టుకున్న ఓ ముసలాయన అది చూశాడు.

“ఏమైంది బేటా?”

“ఒకతను పోయాడండి. పాటలు పాడేవాడు.”

“నీకేమైతడు?”

“ఏమీ కాడు. అతని ఆల్బమ్‌లు మూడూ నా దగ్గరున్నాయి, అంతే.”

నవ్వుతాడనుకున్నాను. “ఎట్లుంటయి ఆ పాటలు?” అనడిగాడు.

ఆ మాట నన్నెవరూ అడగలేదు. మొదటి ఆల్బమ్‌లో గిటార్లు రేకుల మీద వడగళ్లు పడ్డట్టు మోగుతాయని, లోకమంతా కొన్న రెండోదానిలోనూ ఆ కోపం తగ్గలేదని చెప్పాను. మూడోదానిలో అతను దాదాపు గుసగుసగా పాడతాడు. ఒకచోట గొంతు చీరుకుపోతే, మళ్లీ పాడించకుండా అలాగే ఉంచేశారు. ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చిన నాకు ఆ చోటే బాగా అర్థమయ్యేది.

ఆయన ఆసాంతం విన్నాడు. జహనుమాలో దిగబోతూ డబ్బా సీటు మీద పెట్టి, నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“సబర్ చెయ్యి బేటా, ఓర్చుకో. మంచిగ పాడెటోడు పోయిండు. అల్లా జన్నత్ ఇయ్యాలె.”

ఆ చావుకి నన్ను పరామర్శించింది ఆయనొక్కడే. ఆ సాయంత్రం మూడో ఆల్బమ్ పెట్టుకుని చివరిదాకా వినగలిగాను.