ఆఖరి ఫారం

విదేశీ నేరకథల్ని తెలుగులో వేసే చిన్న ప్రచురణ సంస్థ ఒకటి మా గుణదలలో ఉందంటే ఎవరూ నమ్మరు. మా మాస్టారింటి ముందుగదే దాని ఆఫీసు. కాలేజీలో ఆయన నాకు ఇంగ్లీషు చెప్పారు. రిటైరయ్యాక ఈ పిచ్చి పట్టుకుంది. నేను ప్రూఫులు దిద్దుతాను, నెలకోసారి పాఠకులకు వెళ్లే వార్త రాస్తాను. రాబోయే పుస్తకం ఏ దేశానిది, పోయిందెవరు, అనుమానం ఎవరి మీద, అంతే, ఒక్క పేజీ. ఇప్పుడది వాట్సాప్‌లో వెళ్తుంది. మంగళగిరిలో ఒకాయన మాత్రం కాగితం మీదైతేనే చదువుతానని భీష్మించుకుని కూర్చున్నారు కాబట్టి ఆయనకి పోస్టులో పంపుతాం.

ఆ గదిలో గడిపిన వేసవి మధ్యాహ్నాలు నాకు కలలా గుర్తున్నాయి. బయట రోళ్లు పగిలే ఎండ. నా చేతిలోని ప్రూఫులో మంచు కురుస్తూ ఉండేది. గడ్డకట్టిన సరస్సు ఒడ్డున ఎవరిదో ఎర్ర మేజోడు. తలెత్తితే కిటికీలో మేరీమాత కొండ, బల్ల మీద ఫ్యాను గాలికి కొట్టుకునే కాగితాలు. కాసేపు ఏది మా ఊరో ఏది వాళ్ల ఊరో తెలిసేది కాదు. కాలవగట్టు మీద ఇంటికి నడిచి వెళ్తూ, నీళ్ల మీద పరుచుకున్న గుర్రపుడెక్క కింద శవమేమైనా ఉందేమోనని ఆగి చూసిన రోజులున్నాయి. నవ్వుకోండి, నాకేం సిగ్గులేదు.

మాస్టారిది ఒక్కటే నియమం. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. అందులో ఆఖరి ఫారం ప్రూఫు నాకిచ్చేవారు కాదు, ఆయనే దిద్దేవారు. హంతకుడెవరో పుస్తకం బయటికొచ్చాకే నాకూ తెలియాలి. మొదట్లో ఒళ్లు మండేది. "నా నోట్లో నువ్వుగింజ నానదనుకున్నారా మాస్టారూ?" అని అడిగేశాను కూడా.

"నీ నోటి సంగతి కాదమ్మా. తెలిసినవాళ్ల చెయ్యి ఊరుకోదు. దోషి దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది, చదివేవాడు పసిగట్టేస్తాడు. వార్త రాసేవాళ్లకి ముగింపు తెలియకూడదు."

పద్దెనిమిదేళ్లు అలాగే గడిచాయి. రానురాను నాకూ అదే బాగుండేది. అందరినీ అనుమానిస్తూ, ఎవరినీ నమ్మకుండా, ఎవరి మీదా కోపం లేకుండా తిరగడంలో ఒక హాయి ఉంది.

మొన్న వేసవిలో ఆయన ఆఖరి ఫారం తెచ్చి నా ముందు పెట్టారు.

"ఇదీ నువ్వే దిద్దమ్మా. నాకు అక్షరాలు ఆనడం లేదు."

ఏడాదిగా చూపు మసకబారుతోందట. ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడట. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఇదే మన ఆఖరి పుస్తకం. వార్తలో ముందు ఆ ముక్క రాసెయ్యి," అన్నారు, కాఫీలో చక్కెర ఎక్కువైందన్నంత మామూలుగా.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఫారం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుని పదహారు పేజీలూ దిద్దేశాను. అది ఎక్కడో ఉత్తరాన ఉన్న ఓ దీవి కథ. లైట్‌హౌస్ కాపలాదారుడు చనిపోయాడు. అనుమానం అతని భార్య మీద, పాస్టరు మీద, సరుకులు తెచ్చే పడవవాడి మీద. చంపిందెవరో మొట్టమొదటిసారి పుస్తకం కంటే ముందే నాకు తెలిసిపోయింది. ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది.

అప్పుడు తట్టింది. "మాస్టారూ, దీని ముగింపు మీకు తెలుసా?"

"ఎక్కడా! ఈసారి పుస్తకం ఎంచింది కూడా గన్నవరంలో ఉండే మన అనువాదకురాలే. మిగతా ఫారాలు మా ఆవిడ చదివి వినిపించింది. ఇది డీటీపీ వాళ్లు ఇవాళే పంపారు."

"అయితే మీ నియమం ప్రకారం వార్త మీరే చెప్పాలండీ. నేను రాస్తాను."

నేను కాగితం తీసి, ఇది మా ఆఖరి పుస్తకమని పైన రాసి ఊరుకున్నాను. ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. పాత క్లాసురూము గొంతు. సముద్రం, పొగమంచు, వెలగని దీపం. భార్యకి ఒక చేతితొడుగు కనిపించడం లేదన్నారు, రాశాను. పాస్టరు ఆ వారం ప్రార్థన ఎగ్గొట్టాడన్నారు, రాశాను. పడవవాడు మాత్రం పాపం అమాయకుడు, అన్నారు.

"ఆగావు," అన్నారు, కళ్లు తెరవకుండానే.

"లేదండీ, రాస్తున్నాను."

"కలం చప్పుడు ఆగిందమ్మా. పడవవాడా? వాడేనా?" చిన్నపిల్లాడిలా నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు.

"వచ్చే పుస్తకానికి కలం వద్దు. ఫోనులో టైపు చెయ్యి, నాకు వినపడకుండా," అన్నారు.

వచ్చే పుస్తకం. ఆ మాట ఆయన నోట విన్నాక నా కళ్లు నిండిపోయాయి. కాగితం మీద మొదటి వాక్యాన్ని కలంతో కొట్టేశాను, గట్టిగా, ఆయనకి వినపడేలా.