నాన్న కోడిగీతలు

నా చిన్నప్పుడు మా నాన్న చేతిరాత మీద ఒక నింద పడింది. అది అబద్ధమని తెలిసీ ఇన్నేళ్లూ నోరు విప్పలేదు.

కరోనా రోజుల్లో అమ్మ జర్మనీలోని జీగెన్ ఊళ్లో చదువుకుంటుండేది. నేనూ చెల్లీ ఆమె దగ్గరే. నాన్న ఉద్యోగం అదే దేశంలో దూరాన ఉన్న డ్రెస్డెన్‌లో. రాకపోకలు ఆగిపోవడంతో ఈస్టర్ సెలవులకు కూడా ఆయన రాలేకపోయాడు. బదులుగా ఉత్తరం పంపాడు, మా ఇద్దరికీ చెరో కాగితం. నాకు తెలుగు చదవడం వచ్చు కనుక నా కాగితం నిండా అక్షరాలే. చెల్లి జర్మనీలో పుట్టింది, దానికి చదవడం రాదు. అందుకని దానికి రంగుల బొమ్మ వేశాడు. ట్రామ్‌లో మాస్కు పెట్టుకున్న కుందేలు, పక్కన ఖాళీ సీటు, కింద ఒకే వాక్యం.

నన్ను పెద్దవాడిగా లెక్కగట్టాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం కడుపు మండిపోయింది. నాకు కుందేలేది?

"వాస్ ష్టేట్ డా, అన్నయ్యా? ఏం రాసుందక్కడ? చదువు!" అంటూ చెల్లి నా ఒళ్లోకి దూరింది.

'ఈ సీటు నా చిట్టితల్లిది' అని ఉంది. "ఈ సీట్లో నువ్వు కూర్చోకూడదట" అని చదివాను.

అది ఏడవలేదు. బొమ్మను బోర్లించి పెట్టింది. సాయంత్రం నాన్న వీడియో కాల్ చేస్తే మంచం వెనక నక్కింది. "చిట్టి ఏదిరా?" అని అడుగుతూ ఆయన ముఖం చిన్నబోతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు మళ్లీ కాల్ వచ్చినప్పుడు అమ్మ చెల్లిని లాక్కొచ్చి కూర్చోబెడితే, "నన్నెందుకు కూర్చోవద్దన్నావ్?" అని బావురుమంది. నాన్న ఒక్క క్షణం నా వైపు చూశాడు. అంతా అర్థమైపోయింది ఆయనకు.

"అయ్యో, నావి కోడిగీతలే బంగారం! అన్నయ్యకేం అర్థమవుతాయి? అది నీ సీటే!" అని నవ్వేశాడు.

నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా తర్వాతి సెలవుల్లోనూ దాని బొమ్మ కింద తెలుగులోనే రాశాడు, నేనే చదివిపెట్టాలని. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివాను. ఈనాటికీ ఒకరి మాట మరొకరికి చేరవేయాల్సి వస్తే ఆచితూచి చెబుతాను.

కోడిగీతలు మాత్రం ఇంట్లో వేళాకోళంగా మిగిలిపోయాయి. మొన్న చెల్లి ఆ కథే తన స్నేహితులకు చెబుతుంటే నాన్న కూడా నవ్వుతున్నాడు. ఇక ఉండలేకపోయాను.

"నాన్నవి ముత్యాల్లాంటి అక్షరాలే. నీకు బొమ్మ వేశాడన్న కుళ్లుతో నేనే తప్పు చదివాను. నన్ను క్షమించవే. నాన్నా, నువ్వు కూడా."