చెంగమ్మ నెత్తిమీది నిప్పుకుళాయి

ఐజాక్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పుంగనూరులో పుట్టాడు, మదనపల్లె మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివాడు, మద్రాసు నూలుమిల్లులో పదేళ్లు పైపులు బిగించాడు. జపానువాళ్ల బాంబులు పడతాయని పట్నం సగం ఖాళీ అయినప్పుడు పెళ్లాం కృపమ్మనూ, ఒక రేకుపెట్టెనూ, పైపులు బిగించే రెండు పానాలనూ వెంటబెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. పట్నం నుంచి ఏం తెచ్చినావప్పా అని అడిగినవాళ్లకు ఆ పానాలు చూపించేవాడు. అంతే మనిషి.

ఆ పానాలే అన్నం పెట్టాయి. మదనపల్లె దాటాక పుంగనూరు దారిలో ఒక షావుకారు కొత్తగా నూలుమిల్లు పెట్టాడు. యుద్ధం రోజులు గదా, కట్లు కట్టే గుడ్డకూ గుడారాల గుడ్డకూ ఎక్కడలేని గిరాకీ. పత్తిమిల్లు ఏ పూట అంటుకుంటుందో ఎవరూ చెప్పలేరు. మద్రాసులో మూతబడ్డ మిల్లొకటి మంటలార్పే తన నిప్పుకుళాయిలను అమ్మేస్తోందని ఐజాక్ చెబితే షావుకారు వాటిని తెప్పించాడు. కుప్పం స్టేషనులో దిగిన పైపులను బొగ్గు గ్యాసు లారీలో వేసుకుని, ఎత్తు వచ్చినచోటల్లా దిగి తోసుకుంటూ, ఐజాక్ రెండు రోజులకు మిల్లు చేరాడు.

కాగితాల్లో దాని పేరు స్ప్రింక్లర్. మిల్లు జనానికి మాత్రం నిప్పుకుళాయి. ఎత్తుమీద నీళ్ల ట్యాంకు, అక్కడినుంచి ప్రతి గది కప్పు కిందా పైపులు, పది అడుగులకొకటి చొప్పున ఇత్తడి కుళాయి. పైపుల్లో నీళ్లు రాత్రీ పగలూ నిండే ఉంటాయి. ఇదంతా చూసి మేస్త్రీ ఆదెప్ప మొహం చిట్లించాడు. నలభై ఏళ్లవాడు, మంచివాడే గానీ తను తాకి చూడనిదేదీ నమ్మడు.

“తిప్పేదానికి మర యాడుండాది?” అన్నాడు.

“మర లేదప్పా.”

“మరి అంటుకున్నప్పుడు ఎవురు ఎక్కి తెరవాల?”

“ఎవురూ ఎక్కే పని లేదు.”

చెప్పి లాభం లేదని ఐజాక్ మిల్లు వాకిట్లో ఒక పైపుకు కుళాయి బిగించి, కర్రకు నూనెగుడ్డ చుట్టి, అంటించి దాని కింద పెట్టాడు. ముప్పై అంకెలు లెక్కపెట్టేలోగా టక్కుమంది. రెండు చిన్న రేకులు ఎగిరిపడ్డాయి, మూత ఊడింది, నీళ్లు కుళాయి కింద బిగించిన పళ్లరేకుకు కొట్టుకుని నలుదిక్కులా గొడుగులా చిమ్మాయి. ఆదెప్ప పంచె, పాగా తడిసి ముద్దయ్యాయి. చూడవచ్చిన మిల్లు ఆడవాళ్లు నవ్వారు.

“సూడప్పా,” అన్నాడు ఐజాక్. “మూతను అదిమిపెట్టేది ఈ రెండు రేకులు. రేకుల్ని అతికించేది టంకం. గిన్నెలకు పెట్టే టంకం కాదు ఇది, సెయ్యి ఓర్సుకోలేని వేడికే కరిగిపోతాది. యాడ వేడి తగిల్తే ఆడ కుళాయి ఒక్కటే తెరుసుకుంటాది, దూరంగా ఉండేది కదలదు. నీళ్లు కదిల్తే బయట గంట దానంతటదే మోగుతాది.”

“అన్నీ దానంతటదే అయితే నువ్వు యాల?”

“టంకానికి వేడి తగిలే దారిలో ఏదీ అడ్డం రాకుండా సూసుకునేదానికి. సున్నం గానీ, దూది గానీ, ఏదైనా మందంగా అంటుకుంటే వేడి లోపలికి పోయేలోపల గది కాలిపోతాది.”

ఆ పనే చేసేవాడు. రోజూ నిచ్చెనెక్కి కుళాయిలకు పట్టిన దూది దులిపేవాడు, సున్నం కొట్టేటప్పుడు ఒక్కొక్కదానికీ కాగితపు సంచి తొడిగేవాడు. విసుగులేని మనిషి.

దసరా వచ్చింది. ఆయుధపూజకు మిల్లంతా కడిగి, ప్రతి మిషనుకూ పసుపూ గంధం మెత్తి కుంకుమబొట్లు పెట్టారు. మిల్లును కాపాడే తల్లులు ఇవి, వీటికి లేకపోతే ఎట్లా అని ఆదెప్ప నిచ్చెనెక్కి కుళాయిలకూ పట్టించాడు. భక్తి ఉన్నవాడు గదా, వేలి మందాన పట్టించాడు. మర్నాడు పొద్దున ఐజాక్ చూశాడు. పసుపు ఎండి పెచ్చుకట్టి ఉంది. తడిగుడ్డ తెచ్చి, పట్టపగలు, అందరి ఎదుటా, ఒక్కొక్క కుళాయినీ తుడిచేశాడు. బొట్టు చెరపడమంటే ఏమిటో అతనికి తెలియక కాదు. చుట్టూ హిందువుల ఇళ్ల మధ్య పెరిగినవాడే. ఆ క్షణాన అతనికి టంకం తప్ప ఇంకేమీ గుర్తులేదు.

కిరస్తానప్ప బొట్లు తుడిచినాడని మిల్లంతా గుప్పుమంది. మూడు వారాలు తిరక్కముందే మునిరత్నం జ్వరంతో పోయాడు. మునిరత్నం ఆ మిల్లులోనే మూటలు మోసేవాడు. అతని పెళ్లాం చెంగమ్మ పత్తిగదిలో చెత్త ఏరే మనిషి. కర్మలన్నీ అయ్యాక బోసినొసటితో పనికి వచ్చింది. వస్తూనే ఐజాక్ ఎదురుగా నిలబడింది.

“నువ్వు ఆడ తుడిస్తివి, ఈడ పోయింది,” అని నొసలు చూపించింది.

జ్వరానికీ కుళాయికీ సంబంధం లేదని ఐజాక్‌కు తెలుసు. ఆమెతో ఆ మాట అనడానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఆ ఏడాది పొడుగునా అతను పత్తిగదిలోకి వస్తే ఆమె మొహం తిప్పుకునేది. అతను కూడా త్వరత్వరగా దులిపి బయటపడేవాడు. మనిషి లోపల్లోపల కుళ్లిపోయాడు.

మళ్లీ దసరా. ఆదెప్ప మళ్లీ నిచ్చెనెక్కాడు. పత్తిగదిలో కుళాయిలు ఆరు. గోడవారగా ఉన్న ఆరోదాని కింద చెంగమ్మ కూర్చునే చోటు. విధవ గనక తను ముట్టుకోదు. కిందనుంచే తలెత్తి, “నా నెత్తిమీద దానికి బాగా పుయ్యప్పా,” అంది. ఆదెప్ప ఉన్నదంతా దానికే పూశాడు. ఐజాక్ గుమ్మంలో నిలబడి చూశాడు.

ఇంటికెళ్లి కృపమ్మతో చెప్పాడు. ఆమె మిషన్ ఆసుపత్రిలో ఆయా, తడబాటు తెలియని మనిషి.

“వాళ్ల నమ్మకం వాళ్లది, నీ పని నీది. ఎవురూ లేనప్పుడు పోయి తుడిసెయ్,” అంది.

ఆదివారం చర్చినుంచి నేరుగా మిల్లుకు పోయాడు. ఒక్కడే నిచ్చెన మోసుకుంటూ గదిగదికీ తిరిగి అన్నీ తుడిచాడు. పత్తిగదిలో అయిదు తుడిచాడు. ఆరోదాని కింద నిచ్చెన వేసి, రెండు మెట్లెక్కి, ఆగిపోయాడు. మిగతావాటి వంక ఎవరూ తలెత్తి చూడరు. దీన్ని ఆమె రోజూ చూస్తుంది. ఇంకోసారి ఆమె నొసలు చూపిస్తే తట్టుకోగలననిపించలేదు. దీపావళి పోయినాక తుడుద్దాంలే అనుకుని దిగిపోయాడు.

సోమవారం చెంగమ్మ తలెత్తి చూసింది. అయిదూ బోసిగా ఉన్నాయి, తనది పచ్చగా ఉంది. ఐజాక్ దగ్గరికి వచ్చి, “నాది ఉంచినావప్పా,” అంది. ఏడాది తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. ఆ వారమంతా ఐజాక్ కడుపునిండా అన్నం తిన్నాడు.

దీపావళికి నాలుగు రోజుల ముందు, పొద్దున పది గంటలప్పుడు, పత్తిలో కలిసి వచ్చిన ఇనుపముక్క ఒకటి పత్తి విడదీసే మిషను పళ్లకు తగిలి నిప్పురవ్వ లేచింది. చెంగమ్మకు రెండడుగుల దూరంలో పత్తి అంటుకుంది. గుమ్మం వైపు కూర్చున్న ఆడవాళ్లు అరుచుకుంటూ బయటపడ్డారు. చెంగమ్మకూ గుమ్మానికీ మధ్య మంట. ఆరో కుళాయి ముప్పై అంకెల్లో తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. మంట గది మధ్యకు పాకి, అయిదోదీ నాలుగోదీ తెరుచుకున్నాక గాని గంట మోగలేదు. ఐజాక్ పరుగెత్తి వచ్చేసరికి నిప్పు ఆరిపోయింది. గదినిండా వాన. తడిసిన పత్తి కింద చెంగమ్మ ఉంది.

ఆసుపత్రిలో మూడోనాడు పోయింది. ఆ మూడు రోజులూ కృపమ్మే దగ్గరుండి చూసుకుంది.

ఒక గది తప్ప మిల్లంతా దక్కిందని షావుకారు సంబరపడిపోయాడు. అందరినీ పిలిచి ఐజాక్‌కు శాలువా కప్పాడు. ఐజాక్ కప్పించుకున్నాడు. అతనికి సిగ్గుగానీ, కోపంగానీ, ఏడుపుగానీ ఏదీ రాలేదు. శాలువా మడిచి పక్కనబెట్టి నిచ్చెన తీసుకుని పోయాడు.

ఆరో కుళాయి విప్పి చూశాడు. పసుపు మాడి బొగ్గులా గట్టిపడింది. గోటితో గీకితే లోపల రెండు రేకులూ అతుక్కున్నవి అతుక్కున్నట్టే ఉన్నాయి. కిందికి దిగి ఆదెప్ప చేతిలో పెట్టాడు. ఆదెప్ప చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పూసింది నేనప్పా,” అన్నాడు.

“తుడవంది నేను,” అన్నాడు ఐజాక్.

తర్వాత కొత్త కుళాయి బిగించాడు, ట్యాంకు నింపించాడు. వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు. కృపమ్మ పలకరిస్తే ఊ అనేవాడు. ఏం తిన్నావని అడిగితే చెప్పలేకపోయేవాడు.

పదోనాడు చెంగమ్మ అత్త కుప్పమ్మ పుంగనూరు నుంచి నడిచి వచ్చింది. మునిరత్నం తల్లి. కోడలి సద్దిగిన్నె, పాతచీర తీసుకుపోదామని వచ్చింది. ఆదెప్ప అవి మూటగట్టి ఇచ్చాడు. ముసలామె మూట చంకనబెట్టుకుని, కుళాయిలాయన ఎవరని అడిగి, ఐజాక్ దగ్గరికి వచ్చింది.

“పోయిన తూరి నువ్వు బొట్టు తుడిస్తే నా కొడుకు పోయినాడని నా కోడలు సెప్తా ఉండె,” అంది. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. “ఈ తూరి కూడా తుడిస్తివా అప్పా?”

“లేదమ్మా,” అన్నాడు ఐజాక్. “ఆయమ్మ నెత్తిమీద దాన్ని తుడవలేదు.”

“నిజంగా?”

“నిజంగానే అమ్మా.”

ముసలామె అతని మొహంలోకి చూసింది. నిజమే చెబుతున్నాడని నమ్మింది. మూట సర్దుకుని, రెండో చేత్తో అతని భుజం తట్టింది.

“అట్లయితే నీ తప్పేం లేదులే నాయనా,” అంది.