తమ్ముడి సంతోషం

మొన్న మధురానగర్‌లో మా పక్క వాటా ఆవిడ, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని పాలకోవా తెచ్చి చేతిలో పెడితే, నేను అడిగిన మొదటి మాట, అబ్బాయి రాత్రిళ్ళు నిద్రపోతున్నాడా అని. ఆవిడ ముఖం అదోలా పెట్టుకుని వెళ్ళిపోయింది. శుభం పలకరా మంకన్నా అన్న సామెత నాలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

మా తమ్ముడు కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుగా తిరిగే రోజుల్లో, ఒక సాయంత్రం వచ్చి, తనను హీరోగా తీసుకున్నారని చెప్పాడు. ఆ గల్లీల్లో ఏ చాయ్ బండి దగ్గర నిలబడ్డా అలాంటి కబుర్లే వినిపించేవి కనుక మాకు అనుమానం రాలేదు సరికదా, నాన్న బంధువులందరికీ ఫోన్లు చేశాడు, అమ్మ దిష్టి తీసింది. వారం రోజులు కునుకు లేకుండా గదిలో తిరుగుతూ వాడు మాట్లాడుతుంటే, పట్టుదలంటే ఇదీ అని మురిసిపోయాం. చివరికి పంజాగుట్ట చౌరస్తాలో బస్సులకు అడ్డం నిలబడి, ఇక్కడ నా షూటింగ్ జరుగుతోందని కేకలు వేస్తుంటే పోలీసులు ఇంటికి తీసుకొచ్చారు. అది జబ్బని మాకు అప్పుడు గానీ తెలియలేదు.

మందులతో రెండేళ్ళకు తేరుకుని మళ్ళీ వేషాలకు వెళ్ళసాగాడు. పాడయింది మేమే. నా కాపురం కూడా ఆ ఇంట్లోనే పై వాటాలో ఉండేది. వాడు దిగులుగా ఉన్నన్నాళ్ళు అందరం నిశ్చింతగా ఉండేవాళ్ళం, కాస్త గట్టిగా పాట పాడితే మాత్రం అమ్మ నావైపు చూసేది, గోలీ ఏసుకున్నవా అంటూ నేను మాత్రల డబ్బా వెతికేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒకనాడు పరుగున వచ్చి, రేపు పొద్దున షూటింగ్ ఉందని, హీరోకి అన్న వేషమని, నాలుగు డైలాగులని చెప్పాడు. ఆ కళ్ళలో మెరుపు మాకు తెలిసిందే. నా చేతులు పట్టుకుని, "అక్కా, గిది నిజం. నువ్వన్న నమ్ము" అన్నాడు. పొద్దుగాల పోదువులే, గిప్పుడు పండుకో అని బుజ్జగించి, గదికి బయట గడియ పెట్టింది నాన్న కాదు, అమ్మ కాదు, నేనే.

మర్నాడు ఆసుపత్రిలో మత్తు సూది వేయించి, తూలుతున్నవాణ్ణి పట్టుకుని తీసుకొచ్చేసరికి, ప్రొడక్షన్ మేనేజరు మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏంటండీ, పొద్దున్నుంచి ఎదురుచూశాం. ఇక ఆ వేషం వేరేవాళ్ళకి ఇచ్చేశారు" అన్నాడు. తమ్ముడు మళ్ళీ ఎప్పుడూ కృష్ణానగర్ వైపు వెళ్ళలేదు.

ఇప్పుడు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల పక్కనే మనసు డాక్టర్ల బోర్డులు కూడా వేలాడుతున్నాయి, మేం గుసగుసగా కూడా అనలేకపోయిన మాటలను హాస్టల్ పిల్లలు చాయ్ తాగుతూ చెప్పుకుంటున్నారు. మంచిదే. మాకు ఆలస్యమైపోయింది. అమ్మా నాన్నా పోయాక యాభై దాటిన తమ్ముడు నా దగ్గరే ఉంటున్నాడు, చూసినవాళ్ళు ఎంత నెమ్మదస్తుడో అని మెచ్చుకుంటారు. నిన్న నా మనవరాలు ఏదో చిలిపిగా అంటే, ఎన్నేళ్ళకో పకపకా నవ్వాడు. నేను నోరు తెరవకముందే చటుక్కున నవ్వు ఆపి, నావైపు తిరిగి, "గోలీ ఏసుకున్న అక్కా" అన్నాడు.